కోటగోడ లోపలి ఊరు

ఐటీ ఉద్యోగాల జోరులో నేను సింగపూర్ వెళ్ళిన రోజులవి. ఒకసారి, నన్ను చూడ్డానికొచ్చిన అమ్మతో రైల్లో వెళ్తుంటే తంజోంగ్ పగార్ స్టేషన్లో మా మేనేజర్ ఎక్కాడు. "మా అమ్మ" అని పరిచయం చేశాను. ఆయన నవ్వుతూ పలకరించి ముందు పెట్టెలోకి వెళ్ళిపోయాడు.

ఎదుటి సీట్లో ఉన్న పెద్దావిడ అదంతా చూసి, అమ్మతో తెలుగులో మాట కలిపింది. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన యానాం ఆవిడది. పెళ్ళయ్యాక ఫ్రాన్సు వెళ్ళి ఓ పాత ఊళ్ళో స్థిరపడిందట; సింగపూర్ చూడ్డానికొచ్చిందట.

"ఊరి చుట్టూ రాజుల కాలంనాటి కోటగోడండి. యుద్ధాలైపోయి ఎన్నేళ్ళయినా, బయటోళ్ళంటే ఆ ఊరికి అనుమానం పోలేదు. ఆ ఊరోళ్ళలో ఒకదాన్నైపోవాలని తెగ తాపత్రయపడ్డాను. ఓసారి మా అమ్మొచ్చింది. రొట్టెల కొట్లో 'ఈవిడెవరు?' అనడిగారు. పనిమనిషని చెప్పేశానండి."

"పోన్లెండి, మీ అమ్మగారికి ఆ భాష రాదుగా," అంది అమ్మ.

"యానాంలో ఫ్రెంచి బళ్ళోనే చదివిందండి."

ఆవిడ తలొంచుకునే చెప్పింది.

"అమ్మ నా చేతిలో రొట్టెల సంచి తీసుకుని, ఇంటిదాకా నా వెనకాలే నడిచొచ్చింది."

అమ్మ లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. ఆవిడ దిగే స్టేషన్ వచ్చేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.