ట్రైలర్ గుండుకు తాడు కట్టనియ్యని చాచా

పొద్దున ఈ అరబ్బు దేశంల, మీనా సల్మాన్ రేవు కాడ మా వర్క్‌షాపుకు ఒకాయన కొత్త జీపు తెచ్చిండు. ఎడారికి పోతడట, ముందట ఎనక ఎర్రటి కొక్కాలు బిగియ్యుమన్నడు. నేను కిందికి దూరి చాసిస్‌కు బోల్టులు బిగిస్తుంటే, "ఎనక ట్రైలర్ తగిలిచ్చే ఇనుప గుండు ఉన్నది గద భాయ్, మళ్ల ఈ కొక్కెమెందుకు?" అన్నడు. "అది రోడ్డు మీద ట్రైలర్ గుంజెటందుకు సాబ్, ఇసుకల దిగవడ్డ బండిని పీకెటందుకు గాదు" అన్న. ఆ మాట నాది గాదు, చాచాది.

చాచా నాకు చుట్టమేం గాదు. ఆయనది హైదరాబాద్, నాది జగిత్యాల దిక్కు. అరాద్‌ల ఒకటే రూము, కింది మంచం ఆయనది, పై మంచం నాది. ఆయన తనకు వీసా ఇచ్చిన అరబ్బు సేటు, కఫీల్ ఇంట్ల డ్రైవర్. గురక పెడితే మంచం రెండంతస్తులు ఊగేది. శుక్రారం వచ్చిందంటే ఖట్టీ దాల్ వండి ఒకే పళ్లెంల ఇద్దరికి వడ్డిచ్చెటోడు. ఆ పులుపుకు నేను మూతి వంకర పెడితే, "ఏం తెలంగాణ పోరనివిరా నువ్వు!" అని ఎక్కిరిచ్చెటోడు. ఇగ దిగవడ్డ బండిని గుంజుడంటే ఆయనకు నమాజంత నిష్ఠ. ముందుగాల్ల కింద పండుకొని చాసిస్‌కు బిగిచ్చిన కొక్కెం ఉన్నదా లేదా చూస్తడు. గుంజే పట్టా తెగితే కొరడా లెక్క లేవకుండ దాని మీద కంబలి కప్పుతడు. చుట్టున్న జనమంతా దూరం జరిగేదాంక ఇంజన్ స్టార్టు చెయ్యనియ్యడు. "చాచా, బండి గుంజుతున్నవా, పెండ్లి చేస్తున్నవా?" అని నవ్వెటోన్ని. ఆయన మాత్రం నవ్వెటోడు గాదు.

ఓ చలికాలం కఫీల్ ఇంటోళ్లు సఖీర్ ఎడారిల డేరాలు ఏసుకున్నరు. సామాన్ దించి రమ్మన్నరు. నాకు సెలవు, తోడు పోయిన. వచ్చేటప్పుడు సముద్రం పక్క తొవ్వ దగ్గరైతదని అటు తిప్పిండు చాచా. పైన నేల ఎండి గట్టిగ కనవడ్డది గని, కింద అంతా ఉప్పు బురద. కఫీల్ కొత్త బండి ఇరుసు దాంక దిగవడ్డది. చూస్తుంటే పోటెక్కి సముద్రం నీళ్లు మెల్లమెల్లగ మా దిక్కే వస్తున్నయి. ఫోన్ చేస్తే కఫీల్ ఒర్లుడు నాకు గూడ వినవడ్డది. బండిల నీళ్లు సొచ్చినయంటే ఖలాస్, వీసా క్యాన్సిల్, ఇంటికే అన్నడు. ఆ వయసుల ఆయనకు ఇంకో కఫీల్ ఎక్కడ దొరుకుతడు?

అల్లా పంపినట్టు ఓ పఠాన్ పికప్ ఆపిండు. దానికేమో ఎనక కొక్కెం లేదు, ట్రైలర్ గుండు ఒక్కటే ఉన్నది. "దీనికే కడుదాం, యల్లా" అన్నడు పఠాన్. "నేను మన బండి స్టీరింగ్ మీద కూసుంట చాచా, కానియ్యి" అని నేను తలుపు తీసిన. చాచా నా అంగి పట్టి ఎనకకు గుంజిండు.

"నక్కో బేటా, వద్దు. గట్టిగ గుంజితే ఆ గుండు ఊడి అద్దం పగలగొట్టుకొని సీదా నీ మొఖం మీదికొస్తది. మీ అమ్మకు నేను ఏమని ఫోన్ చెయ్యాలె?"

"అది కాదు చాచా, నౌకరి పోతది!"

"పోనీ."

ఆ ఒక్క మాటతోని అయిపాయె. పఠాన్ తలకాయ ఊపుకుంట ఎల్లిపోయిండు. క్రేన్ వచ్చేసరికి నీళ్లు సీట్ల దాంక ఎక్కినయి. ఒడ్డు మీద నిలవడి నేను ఎక్కెక్కి ఏడ్సిన. ఆయన నా ఈపు నిమిరి, "ఆకలైతుందారా?" అని అడిగిండు. ఆ మనిషిని ఏమనాలె?

కఫీల్ అన్నంత పని చేసిండు. ఆ వారంలనే చాచా విమానం ఎక్కిండు. ఇప్పుడు ఆయనకు చెవులు సరిగ వినవడవు. నేను ఫోన్‌ల ఏం చెప్పినా "ఆ, ఆ, అంతా మంచిదే" అంటడు. "ఒక్కన్నే అయిపోయిన చాచా" అన్నా గూడ "మంచిదే బేటా" అన్నడు. కింది మంచం మీద కొత్తోడు ఉన్నడు, పగలంతా చెవులల్ల వైర్లు పెట్టుకొని గోడ దిక్కు తిరిగి పంటడు. శుక్రారం పూట హోటల్ రొట్టె తెచ్చుకొని పై మంచం మీద కూసుండి తింట. ఏం తిన్నవని అడిగెటోడు లేడు.

ఆనాడు ఆ గుండు ఊడునో ఊడకపోవునో ఎవ్వనికెరుక? నా మీదికి వచ్చెటిదాన్ని ఆయన తన నౌకరి మీదికి తిప్పుకున్నడు. అట్ల నాకు దక్కిన ఏండ్లు ఒకదానెనుక ఒకటి ఎల్లిపోతనే ఉన్నయి, కానీ అవన్నీ ఆయన పక్కన కూసుండి గడపాల్సిన ఏండ్లు.