బాపు నిద్ర కోసం ఒక వీకెండ్

ఆ రోజుల్లో శని, ఆదివారాలు సెలవు రోజులన్న సంగతి మా పద్మనగర్‌లో ఎవరికీ పట్టేది కాదు. ముంబై పక్కనున్న మా భివండిలో సెలవంటే శుక్రవారం. ఆ ఒక్కరోజు సాంచాలు ఆగేవి (పవర్‌లూమ్ మగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు). మగవాళ్లు క్షవరం చేయించుకునేవారు, మటన్ దుకాణం ముందు వరస కట్టేవారు. మా బాపు మాత్రం పొద్దున్నుంచీ ఊరికే చిరాకు పడేవాడు. కూరలో ఉప్పు తక్కువైందని ఒకసారి, ఎక్కువైందని ఒకసారి, అదీ ఒకే కూర గురించి. నేను డిప్లొమా పూర్తి చేసి అంధేరీలో యూపీఎస్‌లు బాగుచేసే ఒక చిన్న కంపెనీలో చేరాకే నాకు 'వీకెండ్' అనేది పరిచయమైంది. సోమవారం వచ్చిందంటే ఆఫీసులో లోనావాలా, మాథేరాన్, కర్జత్ అనే మాటలే వినబడేవి. మా సీనియర్ ఒకాయన (చాటున మేం హిల్‌స్టేషన్ సార్ అనేవాళ్లం) కర్జత్ దాటాక తాను కనిపెట్టిన ఒక చిన్న ఊరి గురించి కళ్లు మూసుకుని చెప్పేవాడు. "అక్కడ ఏమీ ఉండదయ్యా. అదే దాని గొప్ప." ఏమీ లేని చోటికి టికెట్ కొనుక్కుని ఎందుకు పోవాలో నాకు బోధపడేది కాదు గానీ తల ఊపేవాణ్ణి. బోధపడని చోట తల ఊపడం కాలేజీలోనే బాగా అలవాటైంది.

అలాంటి నేను ఒక శనివారం మా అవ్వనీ బాపునీ (మా దిక్కు తల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం) వెంటబెట్టుకుని ఆ ఏమీ లేని ఊరికే బయల్దేరానంటే కారణం బాపు కన్ను. బాపు నార్పోలిలో ఒక సేటు కార్ఖానాలో జాబర్, అంటే సాంచాలు మొరాయిస్తే బాగుచేసే మిస్త్రీ. కుడికంట్లో శుక్లం ముదిరి, తెగిన పోగును చూపుతో కాక వేళ్లతో తడిమి వెతుక్కునే దాకా వచ్చింది. నూలు ధర మండిపోయి సేట్లందరూ కలిసి అప్పటికి నెల దాటి కార్ఖానాలు బంద్ పెట్టారు కాబట్టి, ఆపరేషన్‌కు అదే అదను. "షెడ్డు తెరిచేలోపల కన్ను బాగుచేయించుకో. లేకుంటే నేను వేరే జాబర్‌ను చూసుకోవాల్సి వస్తది" అని సేటు మర్యాదగానే చెప్పాడు. కానీ కంటి ఆసుపత్రివాళ్లు బీపీ ఎక్కువుందని రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి ఇచ్చిన తారీఖు వచ్చే మంగళవారం. అదీ తప్పితే మళ్లీ ఎప్పుడో వాళ్లకే తెలియదు.

ఠాణే వైపు ఒక కొత్త డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. నిద్ర పడుతోందా అని అడిగాడాయన. కన్ను మూతబడి దినాలైందన్నాడు బాపు. ఉండేదెక్కడ అన్నాడు. భివండి అన్నాం. అంతే, డాక్టర్ కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. "ఇంకేం చూడనక్కర్లేదు. ఆ రొదలో మనిషన్నవాడు నిద్రపోతాడా? రెండురోజులు ఎక్కడికైనా నిశ్శబ్దంగా ఉండే పల్లెకు తీసుకెళ్లండి. బీపీ దానంతటదే దిగుతుంది." నాకు ఎంత ఆనందమైందో! ఇటు చప్పుడు లోపలికి పోతోంది, అటు బీపీ బయటికి వస్తోంది. మొదటిది తీసేస్తే రెండోది తగ్గుతుంది. ఇంత శుభ్రమైన సర్క్యూట్ నాకు ఆఫీసులో కూడా ఎన్నడూ దొరకలేదు.

బయల్దేరడమే పెద్ద పని అయింది. మా వాడలో ఎవరైనా బ్యాగు సర్దారంటే రెండే కారణాలు. ఒకటి పెండ్లి, రెండోది చావు. పెండ్లి అయితే అందరికీ పత్రిక వచ్చి ఉండాలి. రాలేదు కాబట్టి పక్కింటి చిన్నమ్మ ముఖం వేలాడేసుకుని వచ్చింది.

"ఎవరు పోయిన్రక్కా?"

"ఎవరూ పోలే. మేమే పోతున్నం" అంది అవ్వ.

"గట్లనకక్కా, నోరు మంచిదుండాలె. ఎక్కడికి పోతున్నరు?"

"కర్జత్ దిక్కు. నిద్ర పోనీకి."

చిన్నమ్మ అవ్వ వంక చూసింది, నా వంక చూసింది. "నిద్ర పోనీకి కర్జత్ పోవుడేంది? ఇంట్ల పరుపు లేదా?" వాడ సగం వచ్చి చుట్టూ నిలబడింది. నేను వాతావరణ మార్పు, నరాల విశ్రాంతి అని ఏదో మొదలుపెట్టాను (తెలుగులో మొదలై హిందీలోకి పోయి, చివరికి అంధేరీ ఇంగ్లీషులో తేలాను). విన్నకొద్దీ వాళ్ల అనుమానం ముదిరింది. చివరికి అవ్వే విసిగిపోయి, "అవునే, పోయిండు. దూరపు చుట్టం" అనేసింది. అందరి ముఖాలూ తేటపడ్డాయి. ఇప్పుడు అర్థమైంది కదా! "అయ్యో పాపం" అంటూ చిన్నమ్మ దారిలో తినమని సర్వపిండి కట్టిచ్చింది. లేని మనిషి చావుకు వచ్చిన ఆ సర్వపిండిని కల్యాణ్‌లో కర్జత్ లోకల్ ఎక్కగానే ముగ్గురం ఎంతో ఇష్టంగా తిన్నాం.

ఊరు హిల్‌స్టేషన్ సార్ చెప్పినట్టే ఉంది. నిజంగానే ఏమీ లేదు. ఒక బస్టాండు, నాలుగు దుకాణాలు, వెనక పచ్చటి గుట్టలు. మేం దిగిన ఇంటావిడ ఒక మరాఠీ మావుషి (అంటే పిన్ని), ముందుగది ఇలా వచ్చేవాళ్లకు అద్దెకిస్తుంది. అవ్వా బాపూ గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకున్నారో లేదో, మావుషి పరుగున వచ్చి తలుపు కొట్టింది. "భాండణ్ నకో రే బాబా! ఊరు చూడ్డానికొచ్చి కొట్లాటెందుకు?" అని బతిమాలింది. కొట్లాట కాదు. దువ్వెన ఎక్కడ పెట్టినవని బాపు అడిగాడు, సంచిలో ఉన్నదని అవ్వ చెప్పింది. సాంచాల మధ్య ముప్ఫై ఏళ్లు బతికిన గొంతులు, వాళ్లకు అంతకన్నా మెల్లగా మాట్లాడడం రాదు. కాస్త నెమ్మదిగా మాట్లాడండని నేను చెప్పాను. దాంతో వాళ్లు కార్ఖానాలో చప్పుడు మరీ ఎక్కువైనప్పుడు చేసే పనే చేశారు. చేతులతో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. భోజనాల దగ్గర బాపు రెండు వేళ్లు తిప్పితే అవ్వ పప్పు వడ్డించడం, అవ్వ బొటనవేలు వంచితే బాపు నీళ్లందించడం చూసి మావుషి నన్ను పక్కకు పిలిచింది. "పుట్టుకతోనే మూగవాళ్లా?" అంది జాలిగా. అని, తనే తికమక పడింది. ఇందాక అరిచిందెవరు మరి?

భోజనం కాగానే బాపును మంచం మీద పడుకోబెట్టి, కిటికీ తెర వేసి, నేను గడప దగ్గర కాపలా కూర్చున్నాను. గాలి కూడా అడుగులో అడుగు వేసుకుంటూ నడిచేంత నిశ్శబ్దం. నా గుండె సంతోషంతో నిండిపోతుండగా బాపు దిగ్గున లేచి కూర్చున్నాడు.

"లైట్ పోయిందా?"

"లేదు బాపూ. ఫ్యాన్ తిరుగుతున్నది చూడు."

"మరేం బంద్ అయింది?"

"ఏదీ బంద్ కాలే. పడుకో."

పడుకున్నాడు. మళ్లీ లేచాడు. "ఏదో బంద్ అయిందిరా. చూసి రా పో." ఏం చూసి రావాలో తెలియకపోయినా వెళ్లి వాకిలి దాకా చూసి వచ్చాను. ఏమీ లేదన్నాను. "గదే నేను జెప్పేది" అన్నాడు బాపు.

ఒక యంత్రం పని చేయకపోతే భాగాలను ఒక్కొక్కటిగా తప్పించి చూడాలని మాకు నేర్పారు. ఆ పద్ధతినే పట్టుకున్నాను. ముందు చాయ్ మాన్పించాను. తర్వాత దిండు మార్చాను. మంచం తూర్పుకు తిప్పాను. తులసికోట దగ్గర అప్పుడప్పుడూ కిచకిచమనే పిచ్చుకలను కూడా తోలేశాను. ఉన్న కాసింత చప్పుడునూ నేను ఏరిపారేసిన కొద్దీ బాపు కళ్లు ఇంకా పెద్దవవుతున్నాయి. సాయంత్రానికి అవ్వ కూడా గోడకానుకుని, "ఏమోరా, గుబులు గుబులైతున్నది. ఈ ఊళ్ల ఏమో జరిగింది, మనకు చెప్తలేరు" అంది. ఆ రాత్రి ఇద్దరూ రెప్ప వాల్చలేదు. నేను మాత్రం వారమంతా బస్సుల్లో, లోకల్ రైళ్లలో నిలబడి తిరిగినవాణ్ణి కాబట్టి మొద్దులా పడి నిద్రపోయాను. డాక్టర్ చెప్పిన వైద్యం అలా ఇంట్లో జబ్బులేనివాడికి బ్రహ్మాండంగా పనిచేసింది.

ఆదివారం పొద్దున లేచేసరికి బాపు మంచం ఖాళీగా ఉంది. "అట్ల తిరిగొస్తనని పోయిండు, ఎంతసేపాయెనో" అంది అవ్వ, ఎర్రబడిన కళ్లతో. మంగళవారం, కన్ను, సేటు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. సరిగా చూపులేని మనిషి, ముక్కూమొహం తెలియని ఊరు, పైగా బీపీ. చాయ్ దుకాణం, బస్టాండు, గుడి అన్నీ తిరిగాం. బస్టాండు వెనక సందులో పిండి గిర్ని ఒకటి దడదడలాడుతోంది. యథాలాపంగా లోపలికి తొంగిచూస్తే, జొన్న బస్తాల మీద వెల్లకిలా, నోరు తెరుచుకుని, మీసాల మీదా కనుబొమల మీదా తెల్లగా పిండి పడి, మా బాపు!

"పడిపోయిండు!" అని అరిచాను. "మోటర్ బంద్ కరో!"

గిర్నివాడు కంగారుగా స్విచ్ దించాడు. పట్టా (బెల్టు) వేగం తగ్గి, తిరిగి తిరిగి ఆగింది. ఆగిన మరుక్షణం బాపు లేచి కూర్చున్నాడు.

"ఏమాయె? ఎందుకు బంద్ జేసిన్రు?"

గిర్నివాడు హిందీలో చెప్పుకుంటూ పోయాడు. ఈ కాకా పొద్దున వచ్చి, కాసేపు కూర్చుంటానన్నాడట. కూర్చున్నచోటే ఒరిగాడట. మోటరు కన్నా ఈయన గురకే పెద్దగా ఉందట. అవ్వ మాత్రం నా అంత ఆశ్చర్యపోలేదు. "చాలూ కరో భయ్యా, చాలూ కరో" అని, మళ్లీ తిప్పమని గిర్నివాడికి చేత్తో సైగ చేసింది. పట్టా మళ్లీ దడదడలాడింది. బాపు కళ్లు వాటంతటవే మూతబడ్డాయి. బస్తా మీదికి ఒరిగిపోయాడు.

అక్కడ, ఆ పిండి పొగలో, నాకు మెల్లమెల్లగా తెలిసొచ్చింది. బాపు నిద్ర ఎప్పుడు పోయింది? నెల కింద. సాంచాలు ఎప్పుడు బంద్ అయ్యాయి? నెల కింద. భివండి రొద వల్ల నిద్రపట్టడం లేదని డాక్టర్ అన్న రోజున భివండిలో రొద ఎక్కడుంది? సందుసందునా కార్ఖానాలకు తాళాలు. చప్పుడు లేక నిద్రపట్టని మనిషిని నేను ఇంకా చప్పుడు లేని ఊరికి మోసుకొచ్చి, పిచ్చుకలను కూడా తోలాను. జాబర్‌కు నిశ్శబ్దమంటే విశ్రాంతి కాదు, ఎక్కడో ఏదో ఆగిపోయింది, లేచి చూడాలి అని పిలుపు. శుక్రవారాల చిరాకు కూడా అప్పుడే అర్థమైంది. ఉప్పు తప్పేమీ లేదన్నమాట.

కానీ తీరిగ్గా అర్థం చేసుకుంటూ నిలబడే వీలు లేదు. గిర్నివాడు వచ్చి, పిండికి వచ్చిన గింజలు అయిపోవచ్చాయి, ఉత్త రాయి తిప్పితే అరిగిపోతుంది, బంద్ చేస్తానన్నాడు. నేను బజారుకు పరుగెత్తి జొన్నలు తెచ్చాను. అవి అయిపోతే బియ్యం తెచ్చాను. అవ్వ మావుషి ఇంటికి పోయి సైగలతోనే ఏం చెప్పిందో గానీ, మావుషి చకిలీలకు దాచుకున్న పప్పులు గంపలో పెట్టుకుని, ఇద్దరు పొరుగు ఆడవాళ్లను కూడా వెంటబెట్టుకుని వచ్చింది. పట్నం నుంచి వచ్చినవాళ్లు ఆ ఊళ్లో గుట్టలెక్కుతారట, సూర్యాస్తమయం చూస్తారట. నేను మధ్యాహ్నం దాకా ఇల్లిల్లూ తిరిగి, "మావుషీ, పిండి విసరాల్సిందేమైనా ఉందా?" అని అడుక్కున్నాను. బాపు కదలకుండా నిద్రపోయాడు. లేచాక ముఖం కడుక్కుని, "మంచి ఊరురా. హాయిగుంది" అన్నాడు.

సాయంత్రానికి జొన్నపిండి బస్తాతో పద్మనగర్‌లో ఆటో దిగాం. చావింటి నుంచి వచ్చినవాళ్లు నీళ్లు పోసుకోకుండా గడప తొక్కకూడదని చిన్నమ్మ బకెట్టు నింపి వాకిట్లో సిద్ధంగా నిలబడింది. ముగ్గురి నెత్తినా చెంబుడేసి నీళ్లు కుమ్మరించాక, ఆటోలోంచి దిగుతున్న బస్తాను చూసి ఆగిపోయింది. "పోయినాయినకు పిండి గిర్ని ఉండెనా అక్కా?"

"ఉండె" అంది అవ్వ, తల తుడుచుకుంటూ.

ఆ రాత్రీ మర్నాడు రాత్రీ బాపు మంచం పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టి, దాని జాలీలో ఒక అట్టముక్క దూర్చాను. రెక్కలు తగిలి అది కటకటా కొట్టుకుంటుంటే బాపు గురక పెట్టాడు. మంగళవారం బీపీ దిగింది, ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన వారంలోనే బంద్ ఎత్తేశారు, బాపు కొత్త కన్నుతో నార్పోలి పోయి తన సాంచాల మధ్య నిలబడ్డాడు. ఠాణే డాక్టర్ నా భుజం తట్టి, "చూశావా, పల్లె నిశ్శబ్దం మహిమ!" అన్నాడు. నేను తల ఊపాను.

ఇప్పుడు నేనుండేది పుణేలో, పన్నెండో అంతస్తు. కిటికీలు మూస్తే బయట లోకం ఉందో లేదో కూడా తెలియదు. సాంచాల పక్క సందులో పుట్టి పెరిగినవాడికి, పైగా బస్సుల్లో నిలబడే అలసట కూడా ఇప్పుడు లేనివాడికి, ఇది ఎలాంటి ఇల్లో చూడండి. మా ఆవిడకు శని, ఆదివారాలు వచ్చాయంటే ఏమీ లేని ఊళ్లకు పోవడం సరదా. నేనూ పోతాను. బ్యాగులో బట్టలకన్నా ముందు ఒక అట్టముక్క పెట్టుకుంటాను. మొన్న ఒకచోట పొద్దున్నే రిసార్టు కుర్రాడు తలుపు కొట్టి, "సార్, మీ ఫ్యాన్ ఖరాబైనట్టుంది, రాత్రంతా కటకటా కొట్టుకుందట, పక్కగదివాళ్లు చెప్పారు. మార్చమంటారా?" అన్నాడు. వద్దు బాబూ, బాగానే పనిచేస్తోంది అని వాణ్ణి పంపించేశాను. తెల్లవార్లూ నిద్రలేని మా ఆవిడ దుప్పట్లోంచి తల బయటపెట్టి, "ఇంత దూరం వచ్చింది నిశ్శబ్దం కోసం కదండీ!" అంది. అచ్చం హిల్‌స్టేషన్ సార్ లాగే.

బోధపడినట్టే తల ఊపాను.