సేరే కావాలన్న గల్లీ

నా చిన్నప్పుడు గౌలిపురలోని మా గల్లీ మొత్తం ఒక లీటరు కొలతతో పోట్లాటకు దిగింది. ఇప్పుడు తలచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

మా పెద్దమ్మకు రెండు బర్రెలుండేవి. తెల్లవారగానే క్యాను పట్టుకుని ఇంటింటికీ పాలు పోసేది. ఒకరోజు కొలతలు తనిఖీ చేసేవాళ్లు వచ్చి, ఆమె పాలు కొలిచే పాత సేరును తీసుకుపోయారు. ఇకనుంచి లీటరుతోనే పోయాలన్నారు. మా సేరు లీటరుకన్నా కొంచెం చిన్నది. అయినా వాడికగా పాలు పోయించుకునేవాళ్లను పోగొట్టుకోవడం ఇష్టంలేక, సేరు ధరకే లీటరు పోస్తానంది పెద్దమ్మ. అంటే అందరికీ లాభమే. ఒక్కరూ వినలేదు.

సెలవుల్లో నేనూ ఆమె వెంట తిరిగేదాన్ని. బడిలో లీటర్లూ కిలోలూ నేర్చుకున్న ఉత్సాహంతో గుమ్మం గుమ్మానికీ ఉపన్యాసం ఇచ్చేదాన్ని. ఒకామె ఈ కొలత మూతి ఇరుకుగా ఉందంది. ఇంకొకాయన సర్కారు మార్చిందంటే ఏదో మతలబు ఉంటుందన్నాడు. నిన్న ఒప్పుకున్నవాళ్లు ఇవాళ మళ్లీ మొదటికొచ్చేవారు.

"ఎక్కువ పోస్తనంటే వద్దనేటోళ్లకు ఏమని చెప్పాలె?" అని పెద్దమ్మ దారి పొడుగునా సణిగేది.

అందరికన్నా మమ్మల్ని విసిగించింది గల్లీ చివరింటి ముసలమ్మ. తల్లి లేని మనవరాలిని ఆమే పెంచేది. ఆ పసిదానికి పాలే ఆధారం. అలాంటిది మా పాలు మానేసి, పాత సేరును దాచిపెట్టుకున్న ఇంకొకతని దగ్గర పోయించుకోవడం మొదలుపెట్టింది. అతని పాలల్లో నీళ్లే ఎక్కువని గల్లీ అంతటికీ తెలుసు. పిల్ల వాడిపోయి గడపలో కూర్చుని ఉండేది. అది చూసి పెద్దమ్మకు ఓపిక నశించింది.

ఒక పొద్దున నేరుగా వాళ్లింటికి నడిచింది. కేకలేస్తుందనే అనుకున్నాను. ఆమె క్యాను దించి, లీటరు కొలతను ముసలమ్మ చేతిలో పెట్టింది. ఇన్నేళ్లుగా సేరు పాలు అంచుదాకా పట్టే చెంబును తెచ్చుకొమ్మంది.

"నువ్వే ముంచుకో అవ్వా. నేను చెయ్యి పెట్ట."

ముసలమ్మ అనుమానంగానే ముంచి వంచింది. చెంబు నిండింది. కొలతలో ఇంకా పాలున్నాయి. కాసేపు వాటినే చూస్తూ నిలబడి, మిగిలినవి చిన్న గిన్నెలో పోసి పిల్లకిచ్చింది. పిల్ల ఊపిరి తీసుకోకుండా తాగేసింది.

అప్పుడు ముసలమ్మ మెల్లగా అంది. "నిజాం సిక్కా పైసలు మార్చినప్పుడు గిట్లనే చెప్పిన్రు బిడ్డా, నీకేం పోదని. ఏది మార్చినా మా దిక్కే తక్కువొచ్చింది."

లెక్క తెలియక మొండికేస్తోందనుకున్న నాకు, ఆమె భయం ఎక్కడిదో అప్పుడు అర్థమైంది.

మరునాటి నుంచి పెద్దమ్మ ప్రతి గుమ్మంలోనూ కొలతను వాళ్ల చేతికే ఇచ్చింది. లొల్లి సద్దుమణిగింది. ముసలమ్మ మళ్లీ మా పాలకు వచ్చింది. బోనాల నాటికి ఆ పిల్ల గల్లీలో పరుగులు పెట్టింది. కాని లీటరు అన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. లీటరు నిండా ముంచుకుని సేరు తీసుకున్నామనేవారు. పెద్దమ్మ తల పట్టుకునేది.

పెద్దయ్యాక నేను దవాఖానలో నర్సుగా చేశాను. కొత్త మందు వద్దని, సూది వద్దని మొండికేసేవాళ్లు రోజూ తగిలేవారు. నాకు విసుగు వచ్చేది, ఆ విసుగు నన్ను ఎన్నడూ వదలలేదు. అయినా గొంతు పెంచబోయి ఆగి, ఇంతకుముందు నీకేం జరిగిందమ్మా అని అడగడం అలవాటు చేసుకున్నాను. చాలామంది పక్కన కూర్చుని చెప్పేవారు.