అశోక్‌నగర్ దయ్యానికి ఒక సవరణ

సాయంత్రాలు దయ్యాల కథలు ఫోన్లో రికార్డు చేసి నలుగురికీ వినిపించడం నా వ్యాపకం. ఈ వేసవిలో అశోక్‌నగర్ స్టడీ హాల్లోని ఒక సీటు గురించి చెప్పాను. గ్రూప్స్ పరీక్ష పోయిన కుర్రవాడు ప్రాణం తీసుకున్నాడనీ, ఇప్పటికీ తెల్లవారుజామున వచ్చి ఆ సీట్లో చదువుకుంటాడనీ కథ. కుర్రవాడు పోయిన మాట, సీటు మీద అతని రుమాలు ఉన్న మాట నిజం. మిగతాది కొంత టీకొట్టు దగ్గర విన్నాను, కొంత కలిపాను.

పోయిన వారం సునీత అనే ఒకామె గొంతుతో సందేశం వచ్చింది. "అన్నా, మీరు చెప్పిన దయ్యం మా తమ్ముడు. వాడు అట్ల పోలేదు. చిక్కడపల్లిల నాది కర్రీ పాయింట్. ఒక్కసారి రాండ్రి."

ఆదివారం పొద్దున కాజీపేటలో రైలెక్కాను. పక్కన కూర్చున్న కుర్రవాడు నేను అశోక్‌నగర్ వెళ్తున్నానని తెలిసి జాగ్రత్త చెప్పాడు. "ఆ దయ్యం హాల్ దిక్కు పోకుండ్రి అంకుల్. కరెంట్ అఫైర్స్ అడుగుతదట. జవాబు చెప్తేనే సీటిస్తదట."

ఇది నా కథలో లేదు.

సికింద్రాబాద్‌లో ఇడ్లీ తిని మెట్రోలో చిక్కడపల్లి చేరేసరికి పదకొండయింది. కూరలు కొనాలనుకునేవారు ఆ వేళకే వెళ్లాలి. మధ్యాహ్నమైతే గుత్తి వంకాయ ఉండదు.

సునీత గారు పప్పు పొట్లాలు కడుతున్నారు. క్షమించమన్నాను. కథ తీసేస్తానన్నాను. ఆమె చేయి ఆగలేదు.

"వానికేం బాధుండె, అక్కవై ఉండి నీకు తెల్వలేదా అని అందరు నన్నే అడుగుతున్నరు. బాధ కాదన్నా, దోమ. డెంగీ వచ్చి దవాఖానాల పోయిండు. ఇంకోటి, తెల్లారకముందే లేచి చదువుడేంది? తొమ్మిది దాక దుప్పటి తియ్యకపోవు వాడు! అది వింటుంటే నవ్వొచ్చింది. వాడు పోయినంక నేను నవ్వుడు అదే మొదలు."

ఒక పెరుగు పొట్లం కొన్నాను.

మూడింటికి షాపు మూసి, "ఆ సీటు చూపిస్తరా?" అన్నారు. తమ్ముడు పోయాక ఆమె అటువైపు వెళ్లలేదట. ఇద్దరం నడిచి వెళ్లాం. ఇరుకు మెట్లెక్కితే పైన హాలు. రుమాలు వేస్తే సీటు ఆపినట్టే. ఒకరి రుమాలు ఇంకొకరు తీయరు. కిటికీ పక్క కుర్చీ మీద నీలం గళ్ల రుమాలు దుమ్ము పట్టి ఉంది. సునీత గారు అక్కడ కూర్చోబోతే పక్క సీటు అమ్మాయి గుసగుసగా అంది. "అక్కా, అది ఆపిండ్రు."

"ఆపింది మా తమ్ముడే. మహేశ్. ఇగ రాడు."

ఆమె రుమాలు దులిపి, మడిచి, చేతిలో పెట్టుకున్నారు. అమ్మాయి పుస్తకం మూసింది. "ఎట్లుండెటోడు అక్కా?"

మాట్లాడకూడదని గోడ మీద రాసి ఉంది. సునీత గారు చాలాసేపు మాట్లాడారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

కిందికి దిగుతూ కథ తీసేస్తానని మళ్లీ అన్నాను. ఆమె మెట్టు మీదే నిలబడిపోయారు.

"తియ్యకుండ్రి. సక్కగ చెప్పుండ్రి. ఇంట్ల ఎవ్వరు వాని పేరెత్తరు. నేనెత్తితే టీవీ సౌండు పెంచుతరు. మీ దయ్యం పుణ్యాన బయటోళ్లన్న అడుగుతున్నరు."

ఆరు గంటల రైలు దొరికింది. అటు వెళ్లేవారికి చెప్పేదొక్కటే. ఆ హాల్లో దయ్యం లేదు. మహేశ్ అనే యువకుడు అక్కడ చదివాడు, డెంగీతో పోయాడు.

కథ సరిచేద్దామని కూర్చుంటే అతని గురించి హాల్లో విన్నవాటిలో ఏది చెప్పాలో తేలలేదు. ఘట్‌కేసర్ దగ్గర సునీత గారికి ఫోన్ చేసి, అతనికి ఇష్టమైనదేదైనా ఒకటి చెప్పమన్నాను. భువనగిరి దాటింది, ఆలేరు దాటింది. జనగామలో టీ అమ్మే అతను "చాయ్, సార్?" అంటే వద్దని చేయి ఊపాను. ఆమె ఇంకా మహేశ్ స్కూలు రోజుల దగ్గరే ఉన్నారు.