బొటనవేలి కింద నాడి

మా హాస్టలు గదిలో ఆమెను పారాయణం అని పిలిచేవాళ్లం. పుస్తకం ఒకసారి చేతికి చిక్కితే చాలు, అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేది. స్నానాలగది ముందు వరసలో నిలబడి మూత్రపిండాలు, బట్టలు ఆరేస్తూ కాలేయం, జడ వేసుకుంటూ వెన్నుపూసలు. పక్కగది పిల్ల ఒకరోజు బకెట్టు ధన్‌మని కిందపెట్టి, "అమ్మా తల్లీ, పొద్దున్నే పేగుల గోల వద్దే, నేనింకా ఏమీ తినలేదు" అని రెండు చేతులూ జోడించింది. పారాయణం ఆ పిల్లకేసి జాలిగా చూసి, జీర్ణాశయం మొదలుపెట్టింది.

నవ్వుకునేవాళ్లమే గానీ, ఆమె భయం ఏమిటో మాకందరికీ తెలుసు. నర్సింగు మొదటి సంవత్సరంలో అనాటమీ ఫిజియాలజీ అని ఒక పేపరుంటుంది. ఒంట్లో ఏది ఎక్కడుంది, ఏది ఎలా పనిచేస్తుంది అన్నది మొత్తం అందులోనే. మిగతా పేపర్లన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు. పారాయణం ఆ పేపరు ఒకసారి తప్పింది. రెండోసారి తప్పితే పెట్టె సర్దుకోవాల్సిందే, మా కాలేజీలో మూడో అవకాశం లేదు.

ఇంత చదివే పిల్ల ఎలా తప్పిందంటే, రాతపరీక్షలో కాదు. రాతలో క్లాసు మొత్తానికి ఆమెవే ఎక్కువ మార్కులు. వైవాలో పోయింది. ఎగ్జామినరు ఒక ఎముక చేతికిచ్చి, "ఇదేంటమ్మా? కుడిదా, ఎడమదా?" అనడిగాడు. ఈమె తొడ ఎముక గురించి గుక్కతిప్పుకోకుండా చెప్పుకుపోయింది. దాని తల, మెడ, దానికి అతుక్కునే కండరాలు, ఏదీ వదల్లేదు. ఆయన ఓపిగ్గా అంతా విని, "చాలా బాగా చెప్పావమ్మా. కానీ నీ చేతిలో ఉన్నది జబ్బ ఎముక" అన్నాడు. అప్పటిదాకా ఆమె ఎముకల పెట్టెలో చెయ్యి పెట్టిన పాపాన పోలేదు. బొమ్మలుండగా ఎముకలెందుకే అనేది.

వాళ్లమ్మ స్కూలు యూనిఫారాలు కుట్టేది. ఫోను చేస్తే వెనక మిషను చప్పుడు వినిపిస్తూనే ఉండేది, మాట్లాడేటప్పుడు కూడా ఆపేది కాదు.

"ఏమే, పేగులైపోయాయా?"

"అయిపోయాయమ్మా. ఇప్పుడు మూత్రపిండాలు."

"అవి రెండేగా! తొందరగా కానిచ్చేసి అన్నం తిను."

బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసే వాళ్ల నాన్న పక్కనుంచి అందుకునేవాడు. "ఏం బెంగపెట్టుకోకు తల్లీ. ఈసారీ పోతే వచ్చెయ్. మీ అమ్మ పక్కన ఇంకో మిషను వేయిస్తా." ఆయన ప్రేమగానే అనేవాడు. ఆమెకు మాత్రం ఆ మాట వింటే ముద్ద దిగేది కాదు. నడుం పట్టేసి, గోడ పట్టుకుని లేచే అమ్మను చూస్తూ పెరిగిన పిల్ల మరి. పైగా ఆ తల్లి అప్పటికే వీధి వీధంతా చెప్పేసింది, మా పిల్ల నర్సయిపోయిందని. తప్పిన సంగతి మాత్రం ఎవరి చెవినా వెయ్యలేదు.

నాడి చూడటం ప్రాక్టీసు చెయ్యడానికి ఆమెకు దొరికిన బలిపశువును నేనే. సాయంత్రం నా మంచం మీద చతికిలబడి, నా మణికట్టు పట్టుకుని, బొటనవేలితో గట్టిగా నొక్కి, గోడగడియారం చూస్తూ పెదాలు కదుపుతూ లెక్కపెట్టేది. నేను రెండో చేత్తో పుస్తకం చదువుకునేదాన్ని. "డెబ్బై ఎనిమిది. రాయిలా ఉన్నావే, నీకేం రోగం!" అనేది. ఎప్పుడు చూసినా కాస్త అటూ ఇటూగా డెబ్బై ఎనిమిదే. మా గదిలో అందరికీ అంతే వచ్చేది. ఒక్కరికీ అనుమానం రాలేదు. ఆరోగ్యంగా ఉన్న ఆడపిల్లలం, అలాగే ఉంటుంది కాబోలనుకున్నాం.

సప్లిమెంటరీ దగ్గరపడుతుండగా మా ఇద్దరికీ ఒకే వార్డులో డ్యూటీ పడింది. అక్కడ కిటికీ పక్క మంచంలో ఒక తాతగారుండేవారు. ఒకప్పుడు ఏదో పెద్ద ఆఫీసులో లిఫ్టు ఆపరేటరు. మాలో ఎవరు దగ్గరికెళ్లినా కళ్లు తెరిచి, "పైకా, కిందికా?" అనడిగేవారు. మేము "పైకే తాతగారూ" అంటే, "అక్కడ ఖాళీ లేదు, తర్వాత రండి" అని నవ్వేవారు. ఆయన కూతురు మంచం పక్కన స్టూలు మీదే కాపురముండేది. ఏ క్షణమైనా కావచ్చని డాక్టర్లు ఆమెకు చెప్పేశారు. అయినా మేము నాడి చూసిన ప్రతిసారీ "ఎంతమ్మా?" అని ఆత్రంగా అడిగేది. మా నోట్లోంచి వచ్చే ఆ అంకె మీదే ఆవిడ ప్రాణమంతా ఉండేది.

ఆరోజు మధ్యాహ్నం ఆవిడ తండ్రికి పేపరు చదివి వినిపిస్తోంది. ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. దుప్పటి మెడదాకా ఉంది. పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. పారాయణం వెళ్లి దుప్పటి కింద చెయ్యి పట్టుకుంది. నేను పక్క మంచం దుప్పటి మారుస్తున్నాను.

"చదువుతుంటే నిద్దరోయారు" అంది కూతురు గొంతు తగ్గించి. "ఎంతమ్మా?"

"ఎనభై నాలుగండీ. బాగుంది."

"నిన్న నూటపది దాటింది కదా! తగ్గిందన్నమాట." ఆవిడ ముఖం విప్పారింది. "అయితే కాస్త టీ తాగొస్తానమ్మా. పొద్దుట్నుంచీ కదల్లేదు." పేపరు మడిచి స్టూలు మీద పెట్టి వెళ్లింది. ఇన్నాళ్లలో ఆవిడ అంత తేలిగ్గా నడవడం నేను చూడలేదు.

ఆవిడటు వెళ్లగానే పెద్ద సిస్టరు మందులు తెచ్చింది. మా వార్డుకి ఆవిడే పెద్ద. తాతగారి భుజం తట్టి పిలిచింది. ఇంకోసారి పిలిచింది. తర్వాత మందుల పళ్లెం పక్కన పెట్టేసి, మెడ మీద వేళ్లుంచి, అలా ఉండిపోయింది. డ్యూటీ డాక్టరు పరుగున వచ్చాడు. కళ్లలోకి లైటు వేసి చూశాడు, ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టాడు, దవడ పట్టుకుని కదిపాడు. "అరగంట పైనే అయినట్టుంది సిస్టర్" అన్నాడు.

నా చేతిలో దుప్పటి జారిపోయింది. అరగంట ఏమిటి? ఇప్పుడే కదా!

"ఎవరు చూశారు చివర?" అంది పెద్ద సిస్టరు.

"నేనే సిస్టర్." పారాయణం ముందుకొచ్చింది. మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఇప్పుడే చూశాను సిస్టర్. ఎనభై నాలుగుంది. ఒట్టు సిస్టర్, కొట్టుకుంటోంది."

"ఎలా చూశావో చూపించు."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. బొటనవేలు పెట్టి నొక్కింది. ఒక్క క్షణం ఆగింది. ఉన్నట్టుండి కళ్లు పెద్దవి చేసి కేక పెట్టింది. "ఉంది సిస్టర్! ఇదిగో, కొట్టుకుంటోంది! డాక్టర్‌గారూ, ఉంది, చూడండి!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. చచ్చిపోయిన మనిషి చేతిలో నాడి! పక్క మంచాల వాళ్లు లేచి కూర్చున్నారు. అదే సమయానికి గుమ్మంలోకి వచ్చింది కూతురు. విషయం ఏమీ తెలియని ఆవిడ ఆ కేక మాత్రం విని, "ఏముందమ్మా? నాన్నకేమైంది?" అంటూ పరిగెత్తుకొచ్చింది. ఆ నిమిషాన ఆవిడ ముఖంలో ఆశ తప్ప ఇంకేమీ లేదు.

పెద్ద సిస్టరు కేకలెయ్యలేదు. ఆ పిల్ల బొటనవేలు పట్టుకుని మెల్లగా పైకెత్తింది. దాని బదులు ఆ పిల్లవే మూడు వేళ్లు ఆనించింది. "ఇప్పుడు?"

పారాయణం వేళ్లు అటూ ఇటూ జరిపి చూసింది. తల అడ్డంగా ఊపింది.

సిస్టరు ఆమె బొటనవేలిని మంచం ఇనుప కమ్మీ మీద పెట్టి నొక్కింది. "ఇక్కడ?"

"కొట్టుకుంటోంది సిస్టర్."

"పుస్తకంలో ఏం రాశారు?"

అలవాటైన నోరు. దానంతటదే అప్పజెప్పడం మొదలుపెట్టింది. "నాడిని ఎప్పుడూ బొటనవేలితో చూడరాదు. బొటనవేలికి సొంత నాడి బలంగా ఉండటం వల్ల..." అక్కడ ఆగిపోయింది. కమ్మీ మీద వేలుంచి అలాగే కొయ్యబారిపోయింది. ఆ వాక్యం ఆరోజు పొద్దున కూడా పళ్లు తోముకుంటూ చెప్పింది. నేను నా చెవులారా విన్నాను.

మరి శ్వాస? దుప్పటి కదులుతూనే ఉందిట. ఫ్యాను గాలికి.

తర్వాత ఆమె ఉతికిన దుప్పట్లు పెట్టే గదిలో ఒక మూల కూర్చుంది. నేను పక్కన చేరాను. కాసేపటికి కూతురు అక్కడికే వెతుక్కుంటూ వచ్చింది. తిడుతుంది, తిట్టనీ అనుకున్నాను. నాకే ఒళ్లు మండిపోతోంది, ఆవిడకు మండదా? ఆవిడ తిట్టలేదు. గుమ్మం పట్టుకుని నిలబడి, "నేను పేపరు చదువుతుండగానే పోయారటమ్మా. పక్కనే ఉండి నాకూ తెలీలేదు" అంది. వెళ్లబోతూ వెనక్కి తిరిగింది. "మరి నువ్వు లెక్కపెట్టింది ఎవరిదమ్మా?"

నిజంగానే అర్థంకాక అడిగింది. అన్నిటికీ జవాబు నాలిక చివరుండే పిల్ల తన బొటనవేలు పిడికిట్లో దాచుకుంది. అప్పుడే నా చూపు నా మణికట్టు మీద పడింది. ఇన్నాళ్లూ నా మంచం మీద కూర్చుని, నా చెయ్యి పట్టుకుని, తన గుండెను తానే లెక్కపెట్టుకుందా ఈ మనిషి!

ఆ సాయంత్రమే పెట్టె దించి బట్టలు కుక్కడం మొదలుపెట్టింది. వద్దే అంటే వినదు. అమ్మకు ఫోను చేసి, "అమ్మా, ఆ రెండో మిషనేదో వేయించమను నాన్నని" అంది. జరిగిందంతా చెప్పింది. ఫోనులో ఎప్పుడూ ఆగని మిషను చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

అప్పుడంది తల్లి. "వేయిస్తాంలే. పరీక్ష తప్పి రా, ఏమీ అనం. పరీక్షకెళ్లకుండా మాత్రం రాకు." మళ్లీ మిషను మొదలైన చప్పుడు.

ఆ రోజునుంచి మా గదిలో పారాయణం వినపడలేదు. నిజం చెప్పొద్దూ, ఆ నిశ్శబ్దానికి మాకే పిచ్చెక్కింది. ఎముకల పెట్టె ముందేసుకుని ఒక్కొక్క ఎముకా తీసి, కళ్లు మూసుకుని తడిమి, తన చేతికీ కాలికీ ఆనించి చూసుకునేది. నా చెయ్యి మాత్రం మళ్లీ పట్టుకోలేదు. నేనే చాపినా తల తిప్పేసేది.

సప్లిమెంటరీ వైవాకు ఎవరికి వాళ్లు ఒక క్లాసుమేటును వెంట తీసుకెళ్లాలి, పరీక్ష ఎవరి ఒంటి మీదో ఒకరి ఒంటి మీద చెయ్యాలి కదా. నేను వెళ్లాను. కుర్చీలో పోయినసారి ఎగ్జామినరే. "జబ్బ ఎముక అమ్మాయివి కదూ?" అని ఒక ఎముక అందించాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, తన జబ్బకు ఆనించుకుని, "అదే సార్. కుడిది" అంది. అంతే, ఇంకో ముక్క లేదు. ఆయన ఇంకా చెబుతుందేమోనని కాసేపు చూశాడు.

"సరే, నాడి చూడు."

నా చెయ్యి ముందుకు చాపాను. అప్పుడు గమనించాను, ఆమె కుడి బొటనవేలికి లావుగా ప్లాస్టరు చుట్టి ఉంది. మూడు వేళ్లు నా మణికట్టు మీద ఆనించింది. వేళ్లు చల్లగా ఉన్నాయి. వెతికింది, జరిపింది, మళ్లీ వెతికింది. ఎగ్జామినరు పెన్ను తిప్పుతున్నాడు. దొరకలేదా ఏమిటి అనుకున్నాను. అంతలో ఆమె వేళ్లు ఒకచోట ఆగాయి. కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి.

"అరవై ఆరు సార్."

అరవై ఆరా? నాదా? ఎగ్జామినరు నా రెండో చెయ్యి అందుకుని, తానే లెక్కపెట్టి, తలూపాడు. నా నాడి ఎంతో నాకు తెలిసింది ఆరోజే.

"ఆ బొటనవేలికేమైంది, దెబ్బ తగిలిందా?"

"లేదు సార్. పొరపాటున కూడా ఆనకూడదని కట్టుకున్నాను."

"ఏం, ఆనితే ఏమవుతుంది?"

ఇంక పుస్తకం పేజీ మొత్తం వినాలనుకున్నాను. ఆమె నా చెయ్యి కేసి చూసింది.

"బొటనవేలు పెడితే నేను బతికున్నానని తెలుస్తుంది సార్. ఎదుటి మనిషి సంగతి తెలీదు."

ఆయన పెన్ను ఆగింది. కళ్లజోడు తీసి తుడుచుకుని, మార్కుల కాగితం మీద ఏదో రాసి, "పాసయ్యావు, వెళ్లమ్మా" అన్నాడు. నేను లేచాను. ఆమె లేవలేదు. మూడు వేళ్లూ ఇంకా నా మణికట్టు మీదే ఉన్నాయి.

"ఒక్క నిమిషం కూర్చోవే" అంది. "ఇంకోసారి చూస్తాను."