డాక్టర్ అంకుల్ ట్రక్కుకి కొత్త ఇరుసు

నా చిన్నప్పుడు మా వీధిలో అందరి ఇళ్ల ముందూ కార్లుండేవి. డాక్టర్ అంకుల్ ఇంటి ముందు మాత్రం ఆకుపచ్చ రంగు వెలిసిపోయిన పాత పికప్ ట్రక్కు ఉండేది. మిషిగన్‌లో ట్రాయ్ అనే ఊళ్లో, మా ఇంటికి మూడిళ్ల అవతల. అంకుల్ పశువుల డాక్టరు. మా అమ్మానాన్నల కంటే చాలా ముందే గుంటూరు వైపు నుంచి ఈ దేశానికి వచ్చి, మా ఊరికి ఉత్తరాన ఉండే పాడి రైతుల దగ్గరికి ఆ ట్రక్కులోనే తిరుగుతూ ఆవులకీ గుర్రాలకీ వైద్యం చేసేవారు. దాని దగ్గరికి వెళ్తే ఎండుగడ్డి వాసన, మందుల వాసన, తడిసిన కుక్క వాసన కలిసి వచ్చేవి. నేను వెనక తొట్టిలో వెల్లకిలా పడుకుని మేపుల్ కొమ్మల సందుల్లోంచి ఆకాశం చూసేదాన్ని. అలా చూస్తూ ఉంటే, ఆగి ఉన్న ట్రక్కు మబ్బులతో పాటు మెల్లగా ఎటో వెళ్లిపోతున్నట్టుండేది. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ కదలిక నా వీపుకి తెలుస్తుంది.

వాళ్లకి పిల్లల్లేరు. ఆంటీ నాకు జడ వేసేది, వేస్తూ వాళ్లు చేయబోయే ప్రయాణం గురించి చెప్పేది. అంకుల్ ప్రాక్టీస్ మానేశాక ఒక పెద్ద ట్రైలర్ కొంటారట. అందులో మంచం, పొయ్యి, కిటికీలకి పూల కర్టెన్లు అన్నీ ఉంటాయట. దాన్ని ట్రక్కు వెనక తగిలించుకుని ఇద్దరూ దేశమంతా తిరుగుతారట. ఆ ట్రైలర్ల బొమ్మలున్న పుస్తకం ఆవిడ సోఫా పక్కనే ఉండేది. అంకుల్ తన ప్రాక్టీస్ ఇంకొకరికి అప్పగించిన ఏడాదే, చలికాలం మొదట్లో, ఆంటీ పోయింది.

మా నాన్న ఇరుసులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. రెండు వెనక చక్రాల మధ్యా అడ్డంగా ఉండే ఆ ఇనుప ఇరుసు, అదే ఆక్సిల్, గురించి ఆయనకి తెలిసినంత మా ఎరుగున్నవాళ్లలో ఎవరికీ తెలియదు. మార్చిలో, చూరుల మీద మంచు కరిగి చుక్కలు చుక్కలుగా పడుతున్న ఒక ఆదివారం, అంకుల్ మా ఇంటికొచ్చారు. కాఫీ తాగి, కప్పు కింద పెట్టి నాన్నతో అన్నారు.

"ఏమయ్యా, నా ట్రక్కుకి వెనక ఆక్సిల్ మార్పిద్దామనుకుంటున్నా. హెవీ డ్యూటీది. పెద్ద ట్రైలర్ లాగాలంటే ఇప్పుడున్నది చాలదంటున్నారు. నువ్వొకసారి చూసి చెప్పు."

అమ్మ చప్పున నాన్న వైపు చూసింది. ఆంటీ పోయాక ఆయన ట్రైలర్ మాట ఎత్తడం అదే మొదటిసారి.

"తప్పకుండా చూస్తాను డాక్టర్ గారూ," అన్నాడు నాన్న.

ఆ మధ్యాహ్నమే వెళ్లి చూశాడు. నేను కూడా ఆయన పక్కన అట్టముక్క మీద పడుకుని ట్రక్కు కిందకి జరిగాను. ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బిన భాగాన్ని ఇక్కడి మెకానిక్‌లు గుమ్మడికాయ అంటారని నాన్న చెప్పాడు. నాకది భలే నచ్చింది. తుప్పు రంగు చీకట్లో వేలాడుతున్న ఆ గుమ్మడికాయని చేత్తో నిమురుతూ ఉండిపోయాను. నాన్న మాత్రం ఇరుసుని వదిలేసి, ట్రక్కు పొడవునా ఉండే ఫ్రేమ్‌ని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తున్నాడు. పొడిచిన చోటల్లా ఎర్రటి పెచ్చులు రాలుతున్నాయి. చలికాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు, ఏళ్ల తరబడి దాన్ని తినేసింది.

అన్నాల దగ్గర అమ్మతో చెప్పాడు. "ఆ ట్రక్కుకి కొత్త ఆక్సిల్ వేయడం శుద్ధ దండగ. ఆక్సిల్ మారిస్తే స్ప్రింగులు మార్చాలి, తర్వాత బ్రేకులు. ఇంత చేసినా ఫ్రేమ్ ఆగదు."

"మార్చకుండా లాగితేనో?"

"ఇంకా ప్రమాదం. అందులో చక్రాన్ని తిప్పే కడ్డీయే బరువూ మోస్తుంది. మోయలేక విరిగిందా, చక్రం మొత్తం ఊడొచ్చేస్తుంది."

"అయితే ఆ మాటే చెప్పెయ్యండి. పాపం ఆశపడుతున్నారు."

"చెప్తాలే," అన్నాడు నాన్న, చారన్నం కలుపుకుంటూ. కానీ సోమవారం చెప్పలేదు, మంగళవారం చెప్పలేదు. వారమంతా ఆఫీస్ నుంచి వస్తూ అంకుల్ ఇంటి ముందు కారు ఆపడం, రెండు నిమిషాలు మాట్లాడటం, వచ్చేయడం. నాకు తొమ్మిదేళ్లు. తెలిసిన జవాబు చెప్పకుండా ఉండటం నా లెక్కలో అబద్ధంతో సమానం. స్కూల్లో జవాబు తెలిస్తే అందరికంటే ముందు చెయ్యెత్తే పిల్లని నేను.

శనివారం పొద్దున అంకుల్ మమ్మల్ని రమ్మన్నారు. వెళ్లేసరికి గరాజ్ శుభ్రంగా ఊడ్చి ఉంది. చాలా రోజుల తర్వాత ఆయన గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. ఏదో పాత బళ్ల యార్డ్‌లో సరిపోయే ఆక్సిల్ ఉందని తెలిసిందట. ట్రక్కు బానెట్ మీద పెద్ద మ్యాప్ పరిచి, ఉత్తరాన సరస్సుల మధ్య ఉన్న పెద్ద వంతెన దాటి ఎలా వెళ్లాలో, సుపీరియర్ సరస్సు ఒడ్డున ఎక్కడ ఆగాలో, అక్కడి నుంచి పడమటికి ఏ దారి పట్టుకోవాలో వేలితో చూపిస్తున్నారు. నాన్న తల ఊపుతూ వింటున్నాడు, ఏమీ అనడం లేదు. నేనింక ఆగలేకపోయాను.

"బట్ అంకుల్, అది వేస్ట్ అని నాన్న అన్నాడు! ఫ్రేమ్ మొత్తం రస్ట్ అయిపోయింది. ట్రైలర్ కడితే విరిగిపోతుందంట!"

సాయం చేశాననే అనుకున్నాను. అంకుల్ నా వైపు చూశారు. ఆయన ముఖంలో అంతదాకా ఉన్నదేదో, దీపం వత్తి తగ్గించినట్టు, మెల్లగా వెనక్కి వెళ్లిపోయింది. మ్యాప్‌ని మడత ప్రకారం నెమ్మదిగా మడిచారు.

"అంతేలే," అన్నారు. "పాతదైపోయింది. అమ్మేస్తాను."

నా చెవులు కాలిపోయాయి. నాన్న కోప్పడతాడని తల దించుకున్నాను. కోప్పడలేదు. నా తల మీద చెయ్యి వేసి, అంకుల్‌తో అన్నాడు.

"అమ్మాయి చెప్పింది నిజమే డాక్టర్ గారూ, నేనన్నాను. కానీ నేను చూసింది ఖాళీ బండిని. దాని మీద ఏం పడుతుందో చూడకుండా మాట్లాడేశాను. ట్రైలర్‌లో ఏమేం పెట్టుకెళ్దామనుకున్నారో అవన్నీ తెండి. ముందు ఈ తొట్టిలోకి ఎక్కించి చూద్దాం."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. మేమిద్దరం ఉన్నాంగా."

ట్రైలర్ బరువు ముందు ఇంట్లో సామాన్ల బరువు ఏ మూలకీ రాదని నాకు పెద్దయ్యాక తెలిసింది. నాన్నకి అప్పుడే తెలుసు. అంకుల్‌కి కూడా తెలుసేమోనని ఇప్పుడనిపిస్తుంది.

బరువుకి బండి ఎంత కిందికి దిగుతుందో తెలియడానికి నాన్న టేపు తీసి, నేల నుంచి చక్రం పైనుండే అంచు దాకా కొలిచాడు. కింది కొస నాతో పట్టించాడు. తర్వాత సామాన్లు రావడం మొదలైంది. ముందుగా కుట్టు మిషను. "ఇది లేకపోతే ఆవిడకి తోచదు," అన్నారు అంకుల్. తర్వాత చిన్న రాతి రోలు. గ్రైండర్ పచ్చడి ఆవిడకి నచ్చదట. కరివేపాకు కుండీ. దాన్ని చలికాలమంతా కిటికీ దగ్గర పసిబిడ్డలా కాపాడుతుందట. చలికి దుప్పట్లు, మోకాళ్లకి వేడినీళ్ల సంచి, ఆవిడ బట్టల సూట్‌కేసులు రెండు, రెండు మడత కుర్చీలు. ప్రతి దాని గురించీ ఆయన అలాగే చెబుతున్నారు, ఆంటీ లోపల వంటింట్లో ఉన్నట్టు. నాన్న "ఊఁ, ఊఁ" అంటూ ఒక్కొక్కటీ అందుకుని, పగిలిపోయే వాటిలా జాగ్రత్తగా సర్దుతున్నాడు. ఎండ వచ్చింది. వీధి అంచున మంచునీళ్లు సన్నగా పారుతున్నాయి. ఆ పొద్దంతా నాకు నీళ్లలోంచి చూసినట్టు గుర్తుంది. చప్పుళ్లు కూడా దూరంగా, మెత్తగా వినపడినట్టే ఉంటాయి.

తొట్టి నిండాక నాన్న మళ్లీ కొలిచాడు. "రెండంగుళాలు దిగింది," అన్నాడు.

అంకుల్ తొట్టిలోకి ఎక్కారు. ఒక కుర్చీ విప్పి కూర్చున్నారు. చుట్టూ ఉన్న సామాన్లని ఒక్కొక్కటే చూస్తూ చాలాసేపు ఉండిపోయారు. మేం కింద నిలబడి ఉన్నాం. నాకేదో అనాలనిపించింది. నాన్న చెయ్యి మళ్లీ నా తల మీద పడింది.

"ఇవన్నీ ఆవిడవే కదయ్యా," అన్నారు చివరికి.

నాన్న తల ఊపాడు.

"నావి ఒక్కటీ లేవు చూడు." ఆయన నవ్వబోయి ఆగారు. చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నారు. నేనదివరకు పెద్ద మగాళ్లు ఏడవడం చూడలేదు, అందుకని నేనూ ఏడ్చాను.

కాసేపటికి దిగి లోపలికి వెళ్లి, ఒక పరుపు, ఫ్లాస్కు, పొలాల్లో తొడుక్కునే రబ్బరు బూట్లు తెచ్చారు. ఎవరూ చెప్పకుండానే ముగ్గురం కలిసి ఆంటీ సామాన్లు దించడం మొదలుపెట్టాం. కుట్టు మిషను మా అమ్మకి ఇవ్వమన్నారు. కరివేపాకు కుండీ నా చేతికిచ్చి, "నేనొచ్చేదాకా చూసుకుంటావా అమ్మాయ్?" అని అడిగారు. తల ఊపాను. కుర్చీలు మాత్రం రెండూ తొట్టిలోనే ఉంచారు. మనిషి ఒక్కడే కదా, రెండోది ఎందుకని నాకు నోటిదాకా వచ్చింది. అడగలేదు.

నాన్న చివరిసారి కొలిచాడు. "ఏమీ దిగలేదు డాక్టర్ గారూ. మీ ప్రయాణానికి ఈ ఆక్సిల్ చాలు. బేరింగులు మార్చి, ఆయిల్ కొత్తది పోద్దాం. ట్రైలర్ జోలికి మాత్రం వెళ్లొద్దు."

"ట్రైలర్ ఎందుకులే ఇంక," అన్నారు అంకుల్. ఆ మాటలో దుఃఖం ఉంది కానీ, పొద్దున "అమ్మేస్తాను" అన్నప్పటి దుఃఖం కాదు అది.

ఇంటికి నడుస్తూ సారీ చెప్పాను. నాన్న నడక నెమ్మది చేశాడు. "నువ్వు చెప్పింది తప్పు కాదమ్మా. కానీ ఆదివారమే ఆ మాట నేను చెప్పుంటే, ఆయన సోమవారం ట్రక్కు అమ్మేసి ఇంట్లో కూర్చునేవారు." 

తర్వాత రెండు శనివారాలు బేరింగుల పనితోనూ, కుళ్లిన గుడ్ల కంపు కొట్టే పాత ఇరుసు ఆయిల్‌తోనూ గడిచాయి. మే నెలలో అంకుల్ తొట్టి మీద టార్పాలిన్ కట్టుకుని బయల్దేరారు. దారిలో ఒక రైతు ఆవుకి కాన్పు చేసి దూడని బయటికి తీశానని ఒక కార్డు, రాత్రంతా చుక్కలు చూస్తూ పడుకున్నానని ఇంకో కార్డు వచ్చాయి. మొదటి మంచు పడక ముందే తిరిగొచ్చారు. ఎండకి నల్లబడి, కొంచెం చిక్కి, ఎక్కువ మాట్లాడుతూ. ఆ ట్రక్కు ఇంకొన్నేళ్లు తిరిగింది. నాన్న అన్నట్టే ఫ్రేమ్ పోయింది, అదృష్టం కొద్దీ ఆయన ఇంటి వాకిట్లోనే.

ఇప్పుడు నాకు అరవై దగ్గర పడుతున్నాయి. తెలిసిన జవాబు ముందుగా చెప్పేయాలన్న తొందర నాలో పోలేదు, ఆ పిల్ల ఇంకా లోపల చెయ్యెత్తుతూనే ఉంటుంది. పోయిన నెల అరోరా అనే ఊరి నుంచి మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. మొగుడితో విడిపోయింది, అంత పెద్ద ఇల్లు ఉంచుకోవాలా అమ్మేయాలా చెప్పమంది. జవాబు నాకు తెలుసు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"శనివారం డ్రైవ్ చేసుకుని వస్తాను," అన్నాను. "ఒక్కో గదీ నాకు చూపించు. ఎక్కడ ఏముందో, ఎందుకుందో చెబుదువుగాని."

అటువైపు కుర్చీ లాక్కున్న చప్పుడైంది. తర్వాత అది గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది.

"త్వరగా రా పెద్దమ్మా," అంది.