అత్త సీరు

మా నగరిలో జాతరకైనా, పెళ్లికైనా మైకు పట్టుకునేది నేనే. ఎన్నికలప్పుడు ఆటోలో కూర్చుని అరిచేదీ నేనే. కిందటి ఎన్నికల్లో ఒక అభ్యర్థి కోసం "అక్కల్లారా, మీ ఇంటి తమ్ముడు వస్తున్నాడు" అని రాసి, నెల రోజులు గొంతు చించుకున్నాను. ఎవరికి తమ్ముడు? సొంత అక్కతోనే ఆయనకు మాటల్లేవు. ఆ సంగతి నాకు తెలుసు, ఆటో డ్రైవరుకూ తెలుసు. మైకులో తమ్ముడంటే ఓటు అడిగేవాడని, అంతకు మించి ఏమీ కాదని ఊరంతటికీ తెలుసనుకున్నాను.

మా అమ్మకు తెలియదు. ఆమె మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టేది. తోబుట్టువులు లేని మనిషి. ఆ పెద్దమనిషి మా వీధికి వచ్చినప్పుడు గడప బయట చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, పొయ్యి పక్కనే కింద కూర్చున్నాడు.

"అక్కా, నీ తమ్మునికి ఒక ముద్ద పెట్టు" అన్నాడు.

అమ్మ సంగటి ముద్ద చేతిలో పెట్టింది. ఫొటోలు తీశారు. బయటికి వచ్చాక ఆ ముద్దను ఆయన కారు వెనక పారేయడం నేను చూశాను, అమ్మ చూడలేదు. మైకులో అన్ని రోజులు విని కూడా పట్టించుకోని మాటను, తన ఇంట్లో కూర్చుని తిండి అడిగి అన్నాడు కాబట్టి నమ్మింది.

ఆయన గెలిచాడు. ఏడాది తిరక్కుండానే ఆయన కూతురు పెద్దమనిషైంది. మా వైపు ఆ వేడుకకు తండ్రి తోడబుట్టినది తట్టల్లో చీర, పసుపు కుంకుమ, పూలు, పండ్లు పెట్టుకుని పోవాలి. దాన్ని అత్త సీరంటారు. అమ్మ ఉన్నంతలో మంచి చీర తెచ్చి తట్ట సర్దింది.

"మనల్ని పిలవలేదు కదమ్మా" అన్నాను.

"తమ్మునింటికి పోను పిలుపెందుకప్పా?"

గట్టిగా వద్దనడానికి నాకు నోరు రాలేదు. వెంట వెళ్లాను.

గేటు దగ్గర ఆపారు. "ఎవురమ్మా నువ్వు?"

"పాపకు మేనత్తను."

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. అంతలో ఎవరినో సాగనంపడానికి ఆ తమ్ముడే బయటికి వచ్చాడు. అమ్మ తట్ట ఎత్తి చూపింది. ఎన్నికల నాటి దండమే పెట్టి, "బాగుండారా అమ్మా" అన్నాడు. పక్కవాడితో "వీళ్లకు ఆ పక్క భోజనం పెట్టించి పంపించప్పా" అని లోపలికి పోయాడు. ఆమె ముఖం కూడా గుర్తులేదు ఆ నీచుడికి. వాడికా నా గొంతు అరువిచ్చింది!

మేం తినలేదు. తిరుగు బస్సులో అమ్మ తట్టను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఆ మాట నువ్వు రాసిందే కదా" అంది. "ఉత్తుత్త మాటని నాకొక్కదానికన్నా చెప్పుండొచ్చు కదప్పా."

ఇప్పుడు మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఈసారి ఇంకొకడు. వీడు మీ ఇంటి పెద్దకొడుకట. రాసిచ్చాను, అరుస్తున్నాను కూడా. మా వీధి మలుపు రాగానే మాత్రం మైకు కట్టేస్తాను. నాకు మిగిలిన పౌరుషం ఆ ఒక్క వీధి పొడవే.